నీలం టేపు డబ్బా

మేతమిల్లు పై అంతస్తులో ల్యాబు. అందులో డాక్టరమ్మ మాటే మాట. డాక్టరమ్మంటే మనుషుల డాక్టరు కాదు, చేపల పేగుల డాక్టరు. ఆమె ఎదురుగా మిల్లు మేనేజరు కూర్చున్నాడు. మెట్ల కింద ఆమె సొంత చెల్లెలు పొద్దుటినుంచి నిలబడి ఉంది.

"...అందుకే అడుగుతున్నాను డాక్టరు గారూ, కనీసం ఒక కుర్చీ వేయించమంటారా ఆవిడకి?"

"వద్దు. కుర్చీ వేస్తే కూర్చుంటుంది. కూర్చుంటే మాట్లాడుతుంది."

"సొంత చెల్లెలు కదండీ."

"సొంత చెల్లెలు కాబట్టే. పరాయిదైతే కాఫీ కూడా ఇప్పించేదాన్ని. మీ సంగతి చెప్పండి."

"నా సంగతేముంది. లారీలు మీ మందు కలిపిన మేతతో గేటు దగ్గరున్నాయి. డ్రైవర్లు నా ప్రాణం తీస్తున్నారు. మీరు ఊ అంటే కదులుతాయి."

"సంచుల మీద పేరు సరిగ్గా పడిందా?"

"పడింది. 'ముత్యం' అని ఇంతింత అక్షరాలు. కింద చిన్నగా మీ పేరు."

"చిన్నగా ఎందుకు?"

"మధ్యలో చేప బొమ్మ ఉంది కదండీ. చోటు చాల్లేదు."

"చేప బొమ్మ చిన్నది చేయించండి. చేపని అందరూ చూశారు."

"వచ్చే లోడుకి చేయిస్తాను. అయితే పైవాళ్ళు ఒక్క మాట అడగమన్నారు. ఆ రెండు చెరువుల పరీక్ష గురించి మళ్ళీ ఒకసారి మీ నోటితో చెప్తే..."

"మళ్ళీనా?"

"మళ్ళీనే. వాళ్ళకి మతిమరుపు, నాకు భయం."

"వినండి మరి. రెండు చెరువులు, మధ్యలో ఒకే గట్టు. ఒకే కాలవ నీళ్ళు, ఒకే చేపపిల్ల, ఒకే మేత. ఒకరికి మేతలో కలుపుకోమని నా ముత్యం ఇచ్చాం. అంటే మంచి బ్యాక్టీరియా, చేప పేగులోంచి తీసి పెంచింది. రెండోవాళ్ళకి ఉత్త నీళ్ళలో బెల్లపు మడ్డి కలిపి ఇచ్చాం. పైకి రెండు డబ్బాలూ ఒకటే. మూత మీద టేపు రంగొక్కటే తేడా."

"ఎర్రటేపు, నీలం టేపు."

"గుర్తుందిగా. ఎర్రటేపులో మందు. నీలం టేపులో ఏమీ లేదు. ఎర్రటేపు పక్కాయనకి, నీలం టేపు మా చెల్లెలికి. ఇప్పుడు పక్కాయన చేపలు మేత వేస్తే గంతులేస్తున్నాయి. మా చెల్లెలివి వెల్లకిలా తేలుతున్నాయి. ఇంతకంటే రుజువు ఏం కావాలి మీ పైవాళ్ళకి?"

"ఎవరికి ఏ డబ్బా అని చీటీలు వేసి తీశారా అని అడిగారు."

"తీశామని రాయండి."

"రాయడానికేం, రాస్తాను. తీశారా అని..."

"మేనేజరు గారూ, మా చెల్లెలి చెరువులో పోయినేడు చేపలన్నీ చచ్చాయి. అడుగు మట్టి ఇంకా కంపు కొడుతూనే ఉంది. కూలే గోడ ఏదో కళ్ళెదురుగా కనబడుతుంటే చీటీలెందుకు? కూలేదానికి ఖాళీ డబ్బా, నిలబడేదానికి నా ముత్యం."

"అంటే కావాలనే..."

"ఎవరో ఒకరికి ఖాళీ డబ్బా వెళ్ళాలి కదండీ. పరాయివాడి చెరువు మునిగితే వాడు కోర్టుకెళ్తాడు. చెల్లెలు ఎక్కడికెళ్తుంది? మెట్ల కింద నిలబడుతుంది."

"ఆవిడకి తెలుసా ఈ సంగతి?"

"రెండింట్లో ఒకదాంట్లోనే మందుంది, ఏది ఎవరికి వెళ్ళిందో నాక్కూడా తెలీదని చెప్పాను. నమ్మింది. చిన్నప్పటినుంచీ నేనేం చెప్పినా నమ్ముతుంది, పిచ్చిమొహం."

"అలాగా. ఇంకొక్కటి. తిట్టనంటే అడుగుతాను."

"తిడతాను. అడగండి."

"రక్తం ప్లేటు ఫోటో రాలేదట."

"ఏ రక్తం ప్లేటు?"

"అదేనండీ, రక్తం కలిపిన ప్లేటు మీద బ్యాక్టీరియాని పెంచి చూస్తారట కదా. మంచిదైతే రక్తం జోలికి పోదట. చెడ్డదైతే చుట్టూ ఉన్న రక్తం తినేసి తెల్లటి గుండ్రం మిగులుస్తుందట. నాకేం తెలుసు, అడగమన్నారు, అడిగాను."

"చేశాం."

"ఫోటో..."

"ప్లేటు ఎండిపోయింది. పారేశాం."

"గుండ్రం వచ్చిందా అండీ?"

"పాత రక్తం అది. పాత రక్తం మీద ఏది పెంచినా మరకలే. మళ్ళీ చేద్దామనుకున్నాం."

"చేశారా?"

"మీరు మేతమిల్లు మేనేజరా, నాకు పరీక్ష పెట్టే పంతులా?"

"తప్పు తప్పు. మేనేజర్నే. పోనీ రేపు సభలో చెప్పడానికి, ఈ ముత్యం మీకు ఎక్కడ దొరికిందో కాస్త చెప్పండి. జనం కథలడుగుతారు."

"మా చెల్లెలి చెరువులోనే దొరికింది. పోయినేడు అన్నీ చచ్చినప్పుడు ఒక్క చేప మిగిలింది. ఒకే ఒక్కటి. అంత చావులో అదెలా బతికింది? దాని పేగులో దాన్ని కాపాడేది ఏదో ఉందన్నమాట. ఆ పేగు నూరి ప్లేటు మీద రాస్తే, గుండ్రంగా, తెల్లగా, ముత్యాల్లాగే లేచింది. రోగపు క్రిమి పక్కన పెడితే దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఆ రోజు నేను ఈ గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను మేనేజరు గారూ. చేపకంపని బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు లేచి నిలబడిపోయేవాళ్ళు. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. అవన్నీ ఆ ప్లేటు చూశాక మర్చిపోయాను."

"బావుందండీ, ఇది చెప్తే చప్పట్లే. ఆ చేపని మీ చెల్లెలు గారే ఇచ్చారా?"

"ఎక్కడిస్తుంది? తొట్టిలో పెట్టుకుని పెంచుకుంటోంది. జబ్బు చూసి బాగుచేసి ఇస్తానని చెప్పి తెచ్చాను."

"ఇచ్చారా?"

"పేగు తీశాక ఏమిస్తాం?"

"అదీ నిజమే. ఆగండి, పైవాళ్ళే ఫోను చేస్తున్నారు. ఇక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు, వరండాలో మాట్లాడి వస్తాను. ఆవిడని పంపించమంటారా?"

"పంపండి. ఎలాగూ వదలదు."

మేనేజరు బయటికి వెళ్ళాడు. చెల్లెలు మెట్లెక్కి వచ్చింది.

"అక్కా..."

"చెప్పులు బయట వదులు. చేతులు కడుక్కో. బల్లకి ఆనుకోకు."

"ఎక్కడ నిలబడను మరి?"

"అక్కడే, తలుపు దగ్గర. ఏంటి చెప్పు, తొందరగా."

"పొద్దున చచ్చినవాటిని తట్టల్లో ఎత్తిపోశాం. లెక్కపెట్టడం కూడా మానేశాం. నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లన్నీ వేసి ఉంచినా పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నువ్వు ఒక్క మాట అనక్కా, క్రిములు చావడానికి పొటాష్ చల్లుకుంటాను. వేరే ఏదైనా మందు కొట్టుకుంటాను."

"ఏదీ చల్లకూడదు. చల్లితే పరీక్ష చెడుతుంది."

"పరీక్ష నీది. చేపలు నావి."

"చేపలు పోతే మళ్ళీ పిల్ల వేసుకుంటావు. నా పరీక్ష పోతే ఎక్కడ తెచ్చుకోను?"

"పోనీ ఉన్నవాటినైనా పట్టి అమ్ముకోనీ. సగం ఇంకా కదులుతున్నాయి."

"రేపటిదాకా ఆగు. ఏవీ మిగలకపోతే రిపోర్టు శుభ్రంగా ఉంటుంది."

"ఏవీ మిగలకపోతేనా?"

"మాటవరసకి అన్నాను."

"మాటవరసకి ఎవరైనా అలా అంటారా అక్కా? మీ మరిది గట్టు మీదినుంచి లేవడం లేదు. అన్నం పట్టుకెళ్తే కాకులకి వేస్తున్నాడు."

"కాకులకి అన్నం కూడానా? చేపలు చాలవూ?"

"అంత మాటెలా అన్నావక్కా?"

"ఏడవకు. ల్యాబులో ఏడవకూడదు. తుమ్మడం కూడా చేయం మేమిక్కడ."

"ఆ చేప ఎలా ఉంది?"

"ఏ చేప?"

"నా తొట్టిలోది. బాగుచేసి ఇస్తానన్నావు. అది ఉందంటే చాలు, నాకదే ధైర్యం. అదొక్కటి బతికింది కదా, మళ్ళీ అన్నీ బతుకుతాయని."

"ఉంది."

"ఎక్కడ?"

"ఆ సీసాలు చూడు. వరసగా ఉన్నాయే. వాటన్నిట్లో ఉంది."

"సీసాల్లో చేపేంటక్కా?"

"అలా చూడకు. ఒక చేప పోయి ఇన్ని సీసాలయింది. తొట్టిలో ఉంటే ఏమయ్యేది? ముసలిదయ్యేది."

"చంపేశావా?"

"చంపడం కాదు, కోశాను. నువ్వు వంటింట్లో రోజూ చేసేదే."

"నేను పెంచుకున్నదాన్ని కోయను."

"అందుకే నువ్వు గట్టు మీద ఉన్నావు, నేను ఇక్కడున్నాను. ఇంక వెళ్ళు. మేనేజరు వస్తాడు."

"వెళ్తాను. ఒక్కటి చెప్పు. నాకు వచ్చింది మందు డబ్బానా, ఉత్త డబ్బానా?"

"నాకు తెలీదని చెప్పానుగా."

"నీకు తెలుసు."

"ఎవరికీ తెలీకుండా చేస్తేనే పరీక్ష..."

"ఇంట్లో ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో కూడా నీకు తెలియకుండా ఉండేది కాదు. నీకు తెలుసు. చెప్పు."

"చెప్తే వెళ్ళిపోతావా?"

"వెళ్ళిపోతాను."

"ఉత్త డబ్బా. నీలం టేపు ఉత్తదే. నీళ్ళు, మడ్డి. తృప్తా?"

"చీటీ అలా పడిందా?"

"చీటీ లేదు, గీటీ లేదు. నేనే ఇచ్చాను."

"అనుకున్నాను."

"ఏమనుకున్నావు?"

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేది మా అక్కయితే మొదటి బంతిలో కూర్చున్నా ఖాళీ విస్తరే."

"మొదలెట్టావా?"

"చిన్నప్పుడు రిబ్బన్లు పంచింది నువ్వే. మెరిసేది నీకు, రంగు వెలిసింది నాకు. మంచం పంచింది నువ్వే. గోడవైపు నీకు, పడిపోయే వైపు నాకు. నేను ఒక్కసారైనా అడిగానా?"

"అడగలేదు. అడగకపోతే ఎవరిస్తారు?"

"అందుకే ఈసారి అడగలేదు. తీసుకున్నాను."

"ఏం తీసుకున్నావు?"

"చెప్పకూడదనే అనుకున్నానక్కా. కానీ నిన్న పక్కాయన నా గట్టు మీదికొచ్చి, నా చేపల్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తన వల పట్టుకొచ్చి చచ్చినవాటిని తనే ఎత్తాడు. అప్పటినుంచీ గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుంది."

"ఏం తీసుకున్నావని అడుగుతున్నాను."

"ఆయన షెడ్డుకి తాళం లేదని రెండు చెరువుల డబ్బాలూ మీవాళ్ళు నా షెడ్డులోనే దింపేవాళ్ళు కదా?"

"దింపితే?"

"టేపులు మార్చాను."

"ఏమన్నావు?"

"నీలం టేపు పీకి ఆయన డబ్బాకి వేశాను. ఎర్రది పీకి నాదానికి వేసి, ఆయన డబ్బా నేనుంచుకుని నాది ఆయనకి పంపాను. అక్క నాకు మంచిది పంపదు, ఆయనకెలాగూ మంచిదే వెళ్తుంది అని లెక్కేసుకున్నాను. లెక్క తప్పలేదు చూశావా? మొదటిసారి నీ మనసు సరిగ్గా కనిపెట్టాను."

"ఎప్పుడు మార్చావు?"

"మొదటిరోజే."

"తర్వాత వచ్చినవి?"

"వచ్చినప్పుడల్లా."

"ఒక్కసారైనా మర్చిపోయి ఉంటావు."

"నా పొట్ట కోసం చేసే దొంగతనం మర్చిపోతానా?"

"అబద్ధం. నన్ను ఏడిపించడానికి చెబుతున్నావు."

"అబద్ధమైతే బావుణ్ణు. మూత తీసి వాసన కూడా చూసేదాన్ని. నేను తీసుకున్నది పెరుగు పులిసినట్టు గుప్పుమనేది. ఆయనకి ఇచ్చింది ఉత్త బెల్లం వాసన. అప్పుడే అనుకున్నాను, దొంగనే అయినా తెలివిగల దొంగనని."

"పులిసిన వాసన నీ డబ్బాలోనేనా వచ్చింది?"

"నా డబ్బాలోనే. నేను కాజేసినదాంట్లో."

"మొప్పలు ఎలా ఉన్నాయి?"

"ఎవరివి?"

"చచ్చిన చేపలవే. మొప్పలు ఎత్తి చూశావా?"

"చూశాను. నానబెట్టిన దూదిలా తెల్లగా ఉన్నాయి. రక్తం చుక్క లేదు. పొట్ట కోస్తే మాత్రం లోపలంతా ఎర్రనీళ్ళు."

"ఎర్రనీళ్ళా?"

"అక్కా, కూర్చో. మొహం అలా అయిపోయిందేం? మంచినీళ్ళు తాగుతావా?"

"ముట్టుకోకు నన్ను."

"నాకు ఒక్కటి అర్థం కావడం లేదక్కా. మందు తిన్నవి నా చేపలేగా. మరి నావే ఎందుకు చస్తున్నాయి? ఉత్త బెల్లంనీళ్ళు తిన్న ఆయన చేపలకి ఏమీ కాలేదు. నేనేమైనా ఎక్కువ కలిపానా? నా చేతులతో నేనే..."

"అవును."

"అవునా?"

"నువ్వే తప్పు కలిపావు. దొంగసొత్తు ఎలా వాడాలో నీకెవరు చెప్పారు?"

"డబ్బా మీద రాసినట్టే కలిపాను. మేతకి ఇంత, మూతతో ఇంత. గీత దాటలేదు."

"దాటి ఉంటావు."

"లేదక్కా. పిల్లలకి పాలు కలిపినట్టు కలిపాను. నీకు తెలుసు నేను చేసే పని. నా వంక చూడు. చూడవేం? అసలు ఆ మందే..."

"నెమ్మదిగా మాట్లాడు."

"ఆ మందే చంపుతోందా?"

"నెమ్మదిగా అన్నాను."

"కింద గేటు దగ్గర లారీలున్నాయి. సంచుల మీద నీ పేరు చూసి మురిసిపోయానక్కా ఇందాక. ఎంత కోపంగా ఉన్నా మురిసిపోయాను. మా అక్క పేరని డ్రైవరుకి కూడా చెప్పాను. ఆ సంచుల్లో ఉన్నది కూడా ఇదేనా?"

"నీకెందుకు?"

"ఇదే అయితే అవి వెళ్ళిన ప్రతి చెరువూ నా చెరువులాగే అవుతుంది కదా. ప్రతి గట్టు మీదా ఒకడు కూర్చుని అన్నం కాకులకి వేస్తాడు. ఆపు అక్కా. ఒక్క మాట చెప్తే ఆగుతాయి."

"ఆపితే ఏం చెప్పాలి? పాతికేళ్ళు పేగులు కోసి విషం కనిపెట్టానని చెప్పాలా? రక్తం ప్లేటు మీద గుండ్రం కనబడితే కళ్ళు మూసుకున్నానని చెప్పాలా?"

"ఏ గుండ్రం?"

"ఏం లేదు. విను. నీదొక్కటే చస్తే అది నీ తప్పు. అందరివీ చస్తే అది కాలం తప్పు. నలుగురితో చావు పెళ్ళితో సమానమన్నారు."

"నువ్వేనా ఈ మాటంటున్నది?"

"నేనే. నువ్వు టేపులు మార్చినట్టు ఎవరెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. మీ మరిదికి కూడా చెప్పలేదు."

"చెప్పకు. పక్కాయన మందు దొంగిలించి, అదే గట్టు మీద ఆయన చేత కన్నీళ్ళు పెట్టించావు. ఈ సంగతి బయటపడితే ఆయన ఊరుకున్నా మీ ఆయన ఊరుకోడు. చెరువెలాగూ పోయింది. కాపురమైనా మిగుల్చుకో."

"బెదిరిస్తున్నావా?"

"లెక్క చెబుతున్నాను. నీకు లెక్కలు బాగా వచ్చునుగా, ఇందాకే చెప్పావు."

"నా పేరు పోతే పోనీ అక్కా. నేనే చెప్తాను ఆ మేనేజరుకి."

"చెప్పు. చేపలు చచ్చి మతి పోయిందంటాను. అక్క బాగుపడితే ఓర్వలేదంటాను. నీ షెడ్డులో టేపుల్లేవు, డబ్బాల్లేవు, కడిగి తిప్పి పంపించేశావు. ఎవరి మాట వింటారంటావు? కళ్ళు తుడుచుకో. వస్తున్నాడు."

"డాక్టరు గారూ, ఫోను పెట్టనివ్వడం లేదు పైవాళ్ళు. లైన్లోనే ఉన్నారు. పంపమంటే పంపుతారట, ఆపమంటే ఆపుతారట, అంతా మీ మాట మీదే ఉందన్నారు. అరే, చెల్లెలు గారు ఏడుస్తున్నారేంటి?"

"చేపలు పోయాయి కదండీ. ఏడుస్తుంది."

"అయ్యో పాపం. ఏమ్మా, మీరేమైనా చెప్పాలా?"

"అక్క చెప్తుందండీ. చెప్పక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పు."

"ఏంటి డాక్టరు గారూ అది? చెరువులో ఏదైనా తేడా జరిగిందా? చెప్పండి, వాళ్ళు వింటున్నారు."

"తేడా ఏముందండీ. మా చెల్లెలి చెరువుకి వెళ్ళింది ఉత్త డబ్బా, అంతే. లారీలు కదలనివ్వండి."